క్రాంకుకు తగ్గ కాలు

సైకిలు జబ్బు పడితే ముందు చప్పుడు చేస్తుంది. ఆఫీసు జబ్బు పడితే సర్క్యులరు వస్తుంది. ఈ రెంటినీ ముప్పై ఏళ్లుగా వింటూ వస్తున్నవాడు ఓదెలు.

నర్రెగూడెం బస్టాండు వెనక ఆయనకొక సైకిలు షాపుంది. మాట తక్కువ మనిషి. పంక్చరని వచ్చినవాణ్ణి చూసి "ముల్లు" అనో "ట్యూబు" అనో ఒక్క ముక్క అంటాడు, అంతటితో ఆ పూటకు ఉపన్యాసం అయిపోయినట్టే. ఊళ్లో ఉన్న జిల్లా ద్విచక్ర క్రీడా వికాస కేంద్రం వారు తమ హాస్టలు పిల్లల రేసు సైకిళ్లు బాగుచేయడానికి ఆయన్ని పెట్టుకున్నారు. ఆ మేరకు ఒక కాగితం కూడా ఇచ్చారు. దాని ప్రకారం ఆయన ఏ భాగాన్నయినా బాగుచేయవచ్చు, ఏ భాగాన్నీ మార్చకూడదు.

ఒక సోమవారం పొద్దున అఖిల తన సైకిలును నడిపించుకుంటూ షాపుకు వచ్చింది. సైకిలు ఎక్కకుండా ఆ పిల్ల రావడం ఓదెలు అప్పటిదాకా చూడలేదు. పక్కూరి హైస్కూలుకు రోజూ పద్దెనిమిది కిలోమీటర్లు తాత పాత సైకిలు తొక్కి తొక్కి, చివరికి ఆ తొక్కుడుతోనే హాస్టల్లో సీటు సంపాదించిన పిల్ల. ఇంకో ఏడు వారాల్లో రాష్ట్ర ఎంపిక పోటీ ఉంది. ఈసారి అది నర్రెగూడెం బైపాసు రోడ్డు మీదే. మొదటి నలుగురికి జాతీయ అకాడమీలో చోటు దొరుకుతుంది. అఖిలకు దసరా దాటితే జూనియర్ల వయసు దాటిపోతుంది. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరుది.

"ఎడమ కాలు తొక్కినప్పుడల్లా ఎవలో తలుపు కొట్టినట్టుంటాంది కాకా," అంది.

ఓదెలు సైకిలును కొక్కేనికి తగిలించి పెడలు తిప్పాడు. తిప్పినప్పుడల్లా టక్కుమంది. పెడలును నడిమి ఇరుసుకు కలిపే కడ్డీనే క్రాంకు అంటారు. ఎడమ క్రాంకు బోల్టు విప్పి, కడ్డీ ఊడదీసి, అరచేతిలో పెట్టి చూపించాడు. ఇరుసు మొన నాలుగు పలకలది. దాన్ని పట్టుకోవలసిన రంధ్రం కూడా నాలుగు పలకలుగా ఉండాలి. అది అరిగి అరిగి దాదాపు గుండ్రమైంది.

"మూలలు పోయినయి బిడ్డా. ఇగ పట్టదు."

పట్నంలో ఫోను చేస్తే మర్నాటి బస్సుకు కొత్తది వస్తుంది. బిగించడానికి పావుగంట. అయితే సైకిలు సర్కారుది. కిందటేడు ఒక పిల్ల ఒరిపిడి భరించలేక సీటు మార్చుకుంటే, ప్రభుత్వ ఆస్తికి రూపాంతరం కలిగించినందుకు మెమో ఇచ్చి ఇంటికి పంపించారు. అందుకని ఓదెలు చేతులు తుడుచుకుని ఒక కాగితం తీసి రాశాడు: "ఎడమ క్రాంకు ఒకటి కావలె. నాలుగు పలకల రంధ్రం. పొడవు నూట డెబ్బై మిల్లీమీటర్లు."

కేంద్రంలో సూపరింటెండెంటు కోదండం ఆ కాగితాన్ని తిరగేసి వెనకవైపు కూడా చూశాడు. అక్కడేమీ లేకపోవడం ఆయనకు నచ్చలేదు.

"ఓదెలూ, మీరు కోరినది వస్తువా, వస్తువులో భాగమా, భాగంలో ఉపభాగమా అన్నది విజ్ఞాపనలో విశదం కాలేదు," అన్నాడు.

విశదం చేయడానికి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా ఇంకో చిక్కు బయటపడింది. ఆరేళ్ల కిందట ఒక పరుగుల పిల్లవాడి బూటు కుక్క ఎత్తుకుపోతే, పాపం ఎవరో అమాయకపు వార్డెను ఒకే ఒక్క బూటు కావాలని రాశాడు. ప్రభుత్వ క్రీడాకారుడికి రెండు కాళ్లుండగా ఒక బూటు ఎట్లా కోరారని తనిఖీవారు ఆక్షేపించారు. అప్పట్నుంచి జత వస్తువులు జతగానే కొనవలెనని ఉత్తర్వు. క్రాంకులు రెండుంటాయి గనుక అవీ జతే. కుడిదానికి ఏ రోగమూ లేదని ఓదెలు చెప్పి చూశాడు. రోగం లేకపోవడం మినహాయింపుల జాబితాలో లేదన్నారు.

సరే, రెండూ కొందామన్నారు. కుడి క్రాంకుకు గొలుసు తిప్పే పళ్ల చక్రాలు ఉంటాయి కాబట్టి దాని ఫైలు గొలుసుల సెక్షనుకు పోయింది. ఎడమ దానికి ఏ చక్రమూ ఉండదు కాబట్టి విడిభాగాల సెక్షనుకు పోయింది. ఈ రెండు సెక్షన్లకూ నడుమ గోడ ఒకటే, రెండు ఫ్యాన్లకూ స్విచ్చు ఒకటే. అందువల్ల మాటల్లేవు.

గొలుసుల సెక్షనువారికి అన్నింట్లో ఉత్తమమైనది కొనవలెనని సూచన ఉంది. పెద్ద అంకె ఉత్తమమని వాళ్ల నమ్మకం. ఎనిమిది గేర్ల సైకిలుకు పదకొండు గేర్ల సైకిలు క్రాంకు తెప్పించారు. పొడవు నూట డెబ్బై అయిదు. రంధ్రం పలకలది కాదు, లోపల చుట్టూ సన్నని గాట్లున్నది. విడిభాగాల వారికి అది పొదుపు మాసం. లోహం తక్కువ పట్టేది కావాలని నూట అరవై అయిదుది తెప్పించారు. దాని రంధ్రం మాత్రం నాలుగు పలకలదే. పొరపాటున ఒకటి సరిపోయిందన్నమాట.

రెండూ బల్లమీద పెట్టి ఓదెలును పిలిచారు. ఆయన వాటిని పక్కపక్కన నిలబెట్టాడు. ఒకటి ఇంకోదాని కంటే చిటికెనవేలు మందం పొడుగుంది. కేంద్రం అధికారి రుక్మాంగదరావు కూడా అప్పుడే లోపలికి వచ్చాడు. భారీ మనిషి. ఎదురుగా కాగితం లేకపోయినా చదువుతున్నట్టే మాట్లాడతాడు. ఎడమ బూటు మడమ కుడిదానికంటే ఒక వేలు ఎత్తుగా కట్టించుకున్నాడన్నది ఓదెలు మొదటి రోజే గమనించాడు. ఎవరితోనూ అనలేదు.

"గొడ్డలి కన్నును బట్టి కామ కట్టె చెక్కుతరు సార్," అన్నాడు ఓదెలు. "కామను బట్టి కన్ను తవ్వరు."

రుక్మాంగదరావు కళ్లు మూసుకుని ఆ మాటను లోపలికి తీసుకున్నాడు. చాలా విలువైన సాంకేతిక సూచన అన్నాడు. క్రాంకులు స్టాకు రిజిస్టరులో ఎక్కాయి కనుక అవి ఇక స్థిరమైన ఆస్తి. ఇరుసు మాత్రం ఏ రిజిస్టరులోనూ విడిగా లేదు. ఎక్కనిదాన్నే మార్చాలి. ఆ మధ్యాహ్నమే క్రాంకు అనుకూలతా సాధన సంఘం ఏర్పడింది. ఐటీఐ వారి లేతు మిషను మీద ఒక కొస పలకలుగా, ఒక కొస గాట్లుగా ఉండే ఇరుసు తయారు చేయవలెనని తీర్మానించింది.

ఐటీఐ మేస్త్రీలు పన్నెండు రోజులు కష్టపడి నిజంగానే చేశారు. ఓదెలు దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, ఇంత మంచి పనితనాన్ని ఇంత పనికిమాలిన పనికి వాడటం తన జన్మలో చూడలేదనుకున్నాడు. బిగించాడు. కోదండం దగ్గరుండి రెండు పెడళ్లూ తిరుగుతున్నాయని ధ్రువీకరించాడు. అఖిల ఎక్కి మైదానం చుట్టూ మూడు రౌండ్లు కొట్టి, దిగి, నడుము పట్టుకుని నిలబడింది.

"కుడి కాలు మిద్దెక్కుతాంది, ఎడమ కాలు అరుగు దిగుతాంది కాకా. ఇట్ల నలభై కిలోమీటర్లు తొక్కుతే నేను ఎంపిక గాను, దవాఖాన్ల పడ్త."

ఈ నివేదిక సంఘం ముందుకు వెళ్లింది. రుక్మాంగదరావు దానిమీద గంటసేపు మాట్లాడాడు. ఆయన మాటల సారాంశం ఇది: ఇరుసుకు క్రాంకులు అనుకూలించినవి. క్రాంకులకు సైకిలు అనుకూలించినది. ఈ మొత్తం వ్యవస్థలో అనుకూలపడకుండా మిగిలినది క్రీడాకారిణి ఒక్కతే. కావున మార్చవలసిన భాగము ఏదో సుస్పష్టము.

"అందుచేత, ఎడమ కాలు కుడి కాలి కంటే పది మిల్లీమీటర్లు పొట్టిగా గల వ్యక్తిని అన్వేషించి, సదరు అనుకూల వ్యక్తినే జిల్లా పక్షాన ఎంపిక పోటీలో నిలుపవలెను," అని ఉత్తర్వు చదివాడు.

అఖిల మెట్ల మీద కూర్చుని అంతా విన్నది. ఏడవలేదు. సంచిలోంచి రేగుపళ్లు తీసి ఒక్కొక్కటే తిని గింజలు దూరంగా ఊసింది. పోటీ ఇంక మూడు వారాలే ఉందని, రోజూ పొద్దున తాత సైకిలు మీద సాధన చేస్తానని, కానీ దాని మీద పోటీకి రానివ్వరు గదా అని ఓదెలుతో అంది. ఓదెలు ఆ రోజు షాపులో మూడు పంక్చర్లు ఉత్తినే వేశాడు.

కాళ్ల కొలతల శిబిరం బ్రహ్మాండంగా జరిగింది. షామియానా వేశారు. బ్యానరు కట్టారు. దర్జీల దగ్గర్నుంచి టేపులు తెచ్చారు. కొలిపించుకున్నవాళ్లకు రెండేసి బిస్కెట్లు ఇస్తారని తెలిసి హైస్కూలు పిల్లలు ఒక కాలు ముడిచి, నడుము వంచి, రెండోసారీ మూడోసారీ లైనులో నిలబడ్డారు. లక్ష్యం అయిదు వందలు. సాయంత్రానికి నాలుగు వందల తొంభై రెండు జతలే అయ్యాయి. లక్ష్యం చేరకపోతే వివరణ ఇవ్వాలి కాబట్టి, కోదండం వార్డెన్లను కొలిచాడు, వాచ్‌మన్‌ను కొలిచాడు, టీ పోసే యాదగిరిని కొలిచాడు, ఓదెలును కొలిచాడు, చివరికి తనను తానే కొలుచుకున్నాడు. నాలుగు వందల తొంభై తొమ్మిది అయింది. ఇంకొక్కటి కావాలి. చుట్టూ చూసి, వినయంగా వంగి, అధికారిగారిని బూట్లు విప్పమన్నాడు.

కొలిచాడు. మళ్లీ కొలిచాడు. టేపు మార్చి కొలిచాడు. అయిదు వందల జతల్లో ఎడమ కాలు సరిగ్గా పది మిల్లీమీటర్లు పొట్టిగా ఉన్నది ఒక్క జతే.

రుక్మాంగదరావు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఉత్తర్వులో వయసు మాట ఉందా అని అడిగాడు. లేదన్నాడు కోదండం. ఆడపిల్లల పోటీ అన్న మాట ఉందా అని అడిగాడు. అదీ లేదు. ఉత్తర్వును రద్దు చేసే అధికారం ఎవరికుందని అడిగాడు. రాజధానిలో డైరెక్టరుగారికుంది. ఆ ఉత్తర్వు నకలు అప్పటికే డైరెక్టరుగారికి చేరింది. ఏ ఉత్తరానికైనా నాలుగు నెలలు తీసుకునే ఆ కార్యాలయం దీనికి రెండు గంటల్లో బదులిచ్చింది. యంత్రానికి తగిన మనిషిని అన్వేషించడమనే ఈ వినూత్న విధానం శ్లాఘనీయమని, పోటీ ప్రారంభించడానికి తామే వచ్చి అనుకూల వ్యక్తిని కళ్లారా చూస్తామని అందులో ఉంది.

మంగళవారం పొద్దున్నే మైదానంలో రుక్మాంగదరావు సాధన మొదలైంది. కుర్రతనంలో లారీ తగిలి ఎడమ కాలు విరిగాక ముప్పై మూడేళ్లుగా ఆయన సైకిలు ముట్టలేదట. తలకు తువ్వాలు చుట్టుకుని, కోదండం ఒకవైపూ వాచ్‌మన్ ఒకవైపూ పట్టుకోగా ఎక్కాడు. ఓదెలు సీటు సరిచేసి వదిలేశాడు. సైకిలు రెండుసార్లు వంకర పోయి, తర్వాత దానంతటది దారిలో పడింది. ఒక రౌండు తిరిగింది. రెండో రౌండు తిరిగింది. వెనకాల ఫైలు పట్టుకుని పరుగెత్తుతున్న కోదండం మూడో రౌండులో ఆగిపోయాడు. రుక్మాంగదరావు ఆగలేదు. ఆయన ముఖంలోంచి ఆఫీసు దిగిపోయింది. రెండు కాళ్లకూ పెడళ్లు సరిగ్గా అందుతుంటే మనిషి ఎట్లా ఉంటాడో అట్లా ఉన్నాడు.

ఓదెలుకు లోపల దిగులు పట్టుకుంది. వెర్రి ఉత్తర్వు విఫలమైతే ఎట్లాగో గట్టెక్కవచ్చు. ఇది సఫలమైంది. ఇక పిల్ల గతేమిటి?

పోటీ ఇంక ఆరు రోజులుందనగా అధికారి బైపాసు మీదికి బయల్దేరాడు. ఓదెలు తన సైకిలు మీద గాలిపంపు పెట్టుకుని వెంటపోయాడు. అఖిల తాత సైకిలు మీద వచ్చింది. కోదండం జీపులో వచ్చాడు. మొదటి కిలోమీటరు పాట పాడుకుంటూ పోయినట్టే పోయాడు రుక్మాంగదరావు. రెండో కిలోమీటరులో చెరువు కట్ట ఎత్తు మొదలైంది. సగం ఎత్తులో దిగి, కల్వర్టు గోడ మీద కూలబడి, నీళ్లు తాగి, ఊపిరి దొరికాక అన్నాడు:

"ఓదెలూ, ఈ సైకిలు నా కొరకే పుట్టినట్లున్నది. నలభై కిలోమీటర్లు మాత్రము నా కొరకు పుట్టలేదు."

అదే ఎత్తు మీద అఖిల బరువైన తాత సైకిలును సీటు మీంచి లేవకుండా తొక్కుకుంటూ పైదాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చి, వాళ్ల పక్కనుంచి మళ్లీ పైకి పోయింది. రుక్మాంగదరావు ఆమెనే చూస్తున్నాడు. ఓదెలు నెమ్మదిగా ఆయన పక్కన కూర్చున్నాడు.

"సార్, ఒక్కటడుగుత, కోపం జెయ్యద్దు. మీ బూటు మడమ ఎవలు కట్టిండ్రు?"

ముప్పై మూడేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు కాబోలు, రుక్మాంగదరావు ఎడమ పాదాన్ని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. "పాత బజారులో ఒక మోచీ ఉన్నాడు."

"కాలు కొలిచి బూటు కుట్టిండా? బూటు కుట్టినంక కాలు కోసం ఊరంత తిరిగిండా?"

రుక్మాంగదరావు బూటు వంక చూసుకున్నాడు. "ఆ విషయమై అతనికి ఎట్టి సర్క్యులరు లేకపోవుటచేత," అన్నాడు చివరికి, "కాలినే కొలిచినాడు."

"గా పిల్లకు గిదే ఆఖరు ఏడు సార్," అన్నాడు ఓదెలు. అది ఆ సంవత్సరం మొత్తంలో ఆయన ఒకే పూట మాట్లాడిన అతి పెద్ద ప్రసంగం.

అధికారి లేచి కోదండాన్ని పిలిచి, ఆరు రోజుల్లో సరైన క్రాంకు తెప్పించగలమా అని అడిగాడు. కోదండం లెక్క వేశాడు. ముందు ఉన్న క్రాంకులు నిరుపయోగమని తేల్చాలి. అట్లా తేల్చితే ఇరుసు ఎందుకు చేయించారని వస్తుంది. ఇరుసు తప్పయితే సంఘం తప్పు. సంఘం తప్పయితే శిబిరం తప్పు. శిబిరం తప్పయితే వెయ్యి బిస్కెట్లకు జవాబు చెప్పాలి. అన్నీ సవ్యంగా జరిగితే ఉగాదికి రావచ్చు.

రుక్మాంగదరావు కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఏళ్లు ఫైళ్లలో నలిగిన మనిషి. పక్షికి ఆకాశంలో ఉన్నట్టు ఆయనకు నిబంధనల్లో దారులుంటాయి.

"కోదండం, రాయుము. క్రాంకు కొనుట దుర్లభము. సైకిలు కొనుట సులభము. సైకిలు జత వస్తువు కాదు, విడిభాగము కాదు, గొలుసు కాదు. ఏ సెక్షనుకూ పోదు. ప్రస్తుత సైకిలును అనుకూల వ్యక్తికి, అనగా నాకు, శాశ్వతముగా కేటాయించడమైనది. తత్కారణమున సదరు క్రీడాకారిణి సైకిలు లేని క్రీడాకారిణి అయినది. సైకిలు లేని క్రీడాకారిణికి ఒక దినములో సైకిలు సమకూర్చు అధికారము నాకు కలదు."

కోదండం వంగితే అతని వీపు మీద కాగితం పెట్టి అక్కడికక్కడే సంతకం చేశాడు. నలభై రెండు రోజుల్లో ఒక చిన్న కడ్డీ దొరకలేదు. దాని చుట్టూ ఉన్న మొత్తం సైకిలు కల్వర్టు మీద ఆరు నిమిషాల్లో మంజూరైంది. వివరాల గడి దగ్గర మాత్రం ఆయన కలం ఆగింది. ఎన్ని గేర్లు, ఏ క్రాంకు, ఎంత పొడవు అని ఉందక్కడ. "ఓదెలు చెప్పినట్లు" అని రాశాడు.

మర్నాడు ఓదెలు, అఖిల, వార్డెనమ్మ పొద్దుటి బస్సులో పట్నం పోయారు. షాపువాడు రంగులు చూపించబోతే ఓదెలు సైకిళ్లను తలకిందులు చేసి ఇరుసు చూశాడు, రంధ్రం చూశాడు, గేర్లెన్నో లెక్కపెట్టి గొలుసు ఆ పళ్లలో ఒద్దికగా కూర్చుంటుందో లేదో వేలితో తడిమి చూశాడు. భాగాలన్నీ ఒక ఇంటివే అయిన సైకిళ్లు మూడు పక్కన పెట్టించాడు. క్రాంకు పొడవు మాత్రం మూడింటికీ వేరు. తను కాగితం మీద రాసిన నూట డెబ్బై దాని మీద ముందుగా అఖిలను కూర్చోబెట్టాడు. మోకాలు పైకి వచ్చినప్పుడు నడుము కొంచెం కదిలింది. నూట అరవై అయిదు దాని మీద కూర్చోబెడితే నడుము కదలలేదు. కాళ్లు నీళ్లు పారినంత సాఫీగా తిరిగాయి.

ఓదెలు బల్ల మీద కూర్చుండిపోయాడు. పాత సైకిలుకు ఏది ఉందో అదే రాశాడు తప్ప, ఇన్నాళ్లలో తనూ ఒక్కసారి పిల్ల కాళ్లు కొలిచింది లేదు.

"నేను గూడ సగం ఆఫీసునే బిడ్డా," అన్నాడు.

"మిగిలిన సగం చాలు తియ్యి కాకా," అంది అఖిల సైకిలు దిగకుండానే.

పోటీ రోజున డైరెక్టరుగారు వచ్చారు. అనుకూల వ్యక్తి ఎక్కడని అడిగారు. రుక్మాంగదరావు తువ్వాలు లేకుండా, మామూలు బూట్లతో ముందుకొచ్చి నమస్కరించాడు. వయసు దృష్ట్యా తాను పోటీలో కాక, అనుకూలతా ప్రదర్శనగా ఆ సైకిలు మీద ముందు సాగుతానని విన్నవించాడు. జెండా ఊపగానే మొదటి మూడు వందల గజాలు ముప్పై ఆరుమంది ఆడపిల్లలకు ముందు ఆయన పోయాడు. అంచుకు జరిగి దారి ఇస్తూ, ఒంటి చేత్తో చప్పట్లు కొట్టలేక తొడ మీద కొట్టుకున్నాడు. డైరెక్టరుగారికి ఎంతో నచ్చింది.

చెరువు కట్ట ఎత్తు దగ్గర ఓదెలు గాలిపంపు పట్టుకుని నిలబడ్డాడు. గుంపు వచ్చింది. ఎత్తు మొదలయ్యేసరికి గుంపు సన్నబడి తాడైంది, తాడు తెగి ముక్కలైంది. మొదటి ముక్కలో అయిదుగురున్నారు. అయిదోది అఖిల. ఓదెలు ముఖం చూడలేదు, మోకాళ్లు చూశాడు. రెండూ ఒకే ఎత్తుకు లేస్తున్నాయి. టక్కుమన్న చప్పుడు లేదు. కట్ట పైకి చేరేసరికి ఆమె మూడోది. చివరి గీత దగ్గర కూడా మూడోదే.

మొదటి నలుగురిని పిలిచి దండలు వేశారు. అఖిల తన దండ తీసి సైకిలు హ్యాండిలుకు వేసింది. ప్రభుత్వ ఆస్తికి రూపాంతరం కలిగిందని ఎవరూ అనలేదు.

తర్వాతి సంగతులు కాగితాల మీద జరిగాయి. విజయానికి కారణం అన్న గడిలో కేంద్రం వారు "ఎడమ క్రాంకు" అని రాసి పంపారు. అది చదివి డైరెక్టరుగారు అన్ని జిల్లాలకూ పొట్టి ఎడమ క్రాంకులు సరఫరా చేసి, అనుకూల అధికారులను గుర్తించి, బండి బండికీ అనుకూలత పత్రం ఇమ్మన్నారు. ఒక జిల్లాలో అధికారికి రెండు కాళ్లూ సమానంగా ఉన్నట్టు తేలి, ఆయన నుంచి వివరణ కోరారని వినికిడి. రుక్మాంగదరావు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా రోజూ ఆ సైకిలు మీదే ఆఫీసుకు పోతున్నాడు. ఓదెలు షాపు దగ్గర ఆగి గాలి కొట్టించుకుంటాడు. మాటలు కూడా కొంచెం తగ్గాయి.

అఖిల అకాడమీకి పోయిన వారానికి ఫోను చేసింది. భోజనం బాగుందట, చలి ఎక్కువట, కొండలు చెరువు కట్ట కంటే పెద్దవట. ఇంకేదో ఉందని ఓదెలుకు గొంతులో తెలిసింది.

"ఇక్కడోళ్లు బండి కాగితాలు అడుగుతుండ్రు కాకా. మీ జిల్ల బండ్లకు అనుకూలత పత్రం ఉంటదట గదా, నీదానికి ఎందుకు లేదు, ఈ క్రాంకు నీకు అనుకూలమని ఏంది రుజువు అంటుండ్రు. ఏం చెప్పాలె?"

"ఏం చెప్పకు," అన్నాడు ఓదెలు. "ఎక్కి చూపియ్యి."

ఫోను జేబులో పడేసుకున్నట్టుంది, కట్ చేయడం మరిచిపోయింది. కాసేపు గాలి చప్పుడు, గొలుసు చప్పుడు వినిపించాయి. వెనక నుంచి ఎవరో ఆగు ఆగు అని కేక వేశారు. ఆ కేక చిన్నదై, ఇంకా చిన్నదై, చివరికి వినపడలేదు.